కొత్త ట్రావెల్ ట్రెయిలర్: కొనేముందు చూడాల్సినవి, కొన్నాక సెట్ చేసుకునే పద్ధతి

ట్రావెల్ ట్రెయిలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కొందామని వెళ్ళిన ఎవరైనా ముందు చేసే పని లోపలికెళ్ళి మంచం మీద ఓసారి వాలి చూడటం. మేమూ అదే చేశాం. మా ఆవిడకి కిచెన్ తెగ నచ్చేసింది, పిల్లలు అప్పుడే బంక్ బెడ్లు పంచేసుకున్నారు, నేనేమో బయటికి చాచే పందిరిలాంటి ఆనింగ్ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఊహల్లో ఉన్నా, సేల్స్‌మేన్ కాగితాలు పట్టుకుని పక్కనే రెడీగా ఉన్నాడు. మా బండి ఎంత మోయగలదో అప్పటికి మాలో ఒక్కరికీ తెలీదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు ఇదే చెప్తా, ట్రెయిలర్ చూడ్డానికి వెళ్ళేముందు మీ బండి డ్రైవర్ డోర్ తెరిచి అక్కడ అంటించి ఉన్న స్టికర్‌ని ఫోటో తీస్కోండి, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదు అని అందులో ఒక నంబర్ ఉంటుంది, అదే పేలోడ్.

బండి ఎంత బరువు లాగగలదో చెప్తూ బ్రోషర్లో పెద్దక్షరాలతో వేసే టోయింగ్ కెపాసిటీ వేరు, ఇది వేరు. మామూలు ఫ్యామిలీ బండ్లలో ముందు చాలకుండా పోయేది సాధారణంగా పేలోడే. ఎలాగంటే ట్రెయిలర్ ముందు భాగం మన బండి వెనక దాన్ని తగిలించే హిచ్ మీద కొంత బరువు వేస్తుంది, దాన్ని టంగ్ వెయిట్ అంటారు, అది మొత్తం ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తక్కువైతే రోడ్డు మీద తోక ఊపినట్టు ఊగుతుంది, ఎక్కువైతే బండి వెనక చక్రాల మీద కూర్చుండిపోతుంది. ఈ టంగ్ వెయిట్ అంతా పేలోడ్ లోంచే పోతుంది. లెక్క వేసి చూద్దాం, స్టికర్ మీద 1400 పౌండ్లు ఉందనుకోండి, ఇంట్లో నలుగురూ కలిపి 550, డిక్కీలో సామాను 150, హిచ్ తాలూకు ఇనప సామాను 100, ఇక మిగిలింది 600. టంగ్ వెయిట్ 13 శాతం అనుకుంటే ఆ 600కి సరిపోయే ట్రెయిలర్ 4600 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. అదే బండి బ్రోషర్లో 7500 లాగుతుంది అని ఉండొచ్చు, అబద్ధమేం కాదు, కాకపోతే అది లాగే రోజు మిగతా ఇంటిల్లిపాదీ వెనకాల ట్యాక్సీలో రావాలి.

ట్రెయిలర్ వైపు కూడా ఇలాంటి మాయే ఒకటుంది. అమ్మేవాళ్ళు డ్రై వెయిట్ చెప్తారు, అంటే ఖాళీ డబ్బా బరువు, నీళ్ళు ఉండవు, చాలాసార్లు బ్యాటరీ కూడా లెక్కలో ఉండదు. నీళ్ళు గాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నింపారంటే అదే 330 దాటిపోద్ది, ఆ పైన గిన్నెలు, దుప్పట్లు, కుర్చీలు, సైకిళ్ళు, ఎవరూ ఖాళీ డబ్బా లాక్కుని టూర్ వెళ్ళరు కదా. ట్రెయిలర్ ఎడమ పక్క ముందు భాగంలో బయట ఒక స్టికర్ ఉంటుంది, అందులో జీవీడబ్ల్యూఆర్ (GVWR) అని గరిష్ఠ బరువు రాసి ఉంటుంది, లెక్కలన్నీ దానితోనే వేస్కోండి, పేచీ ఉండదు.

ఫ్లోర్ ప్లాన్ సంగతి ఎవరిష్టం వాళ్ళది, రెండు మాటలు మాత్రం. ఒకటి, స్లైడ్, అంటే గోడతో సహా బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం, దాన్ని లోపలికి మూయించి అప్పుడు చూడండి, దారి మధ్యలో ఆగినప్పుడు స్లైడ్ మూసే ఉంటుంది, అప్పుడు బాత్రూంకీ ఫ్రిజ్‌కీ దారి ఉందా లేదా అని. రెండు, మంచం క్వీన్ అని రాసి ఉన్నా టేపు పెట్టి కొలవండి, ట్రెయిలర్లలో క్వీన్ చాలావరకు 74 అంగుళాల పొడవే వస్తుంది, ఇంట్లో క్వీన్ 80, ఆ ఆరంగుళాలూ పొడుగ్గా ఉన్నవాళ్ళ కాళ్ళకి తెలుస్తాయి.

ఇక అసలు సంగతికొస్తా. కొత్తది కదా అన్నీ బాగానే ఉంటాయిలే అనుకోవడమే అందరం చేసే తప్పు. ఈ ట్రెయిలర్లని తయారుచేసేది చాలావరకు చేతిపనే, త్వరత్వరగా బిగించేస్తారు, తర్వాత డీలర్ దాకా వందల మైళ్ళు కుదుపుల్లో వస్తుంది, కారు షోరూంలోంచి బయటికి వచ్చినట్టు దీన్ని ఊహించుకోకండి. డెలివరీ రోజు డీలర్ మనిషి గబగబా అన్నీ చూపించేసి తాళాలు చేతిలో పెట్టేస్తాడు, అది అతని పద్ధతి, మీరు మాత్రం మూడు నాలుగు గంటలు పెట్టుకుని వెళ్ళండి, కరెంటు, నీళ్ళు, గ్యాస్ మూడూ కనెక్ట్ చేసి ఉంచమని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. ఫ్రిజ్ గ్యాస్ మీద కూడా నడిచే పాత పద్ధతి రకమైతే చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందు రోజు రాత్రే ఆన్ చేసి పెట్టమనండి, లేకపోతే లైటు వెలిగింది కదా పన్జేస్తోంది అని మీకు చెప్పి పంపించేస్తారు.

నీళ్ళు చూడ్డానికి నాకు తెలిసిన మంచి పరికరం టిష్యూ పేపర్. సింకులో స్టాపర్ పెట్టి నిండా నింపి ఒక్కసారిగా వదిలేయండి, వెంటనే కింద అల్మరా తెరిచి టార్చ్ వేసి, పొడి టిష్యూతో ప్రతి జాయింటునీ చుట్టూ తుడవండి, కంటికి కనపడని చెమ్మ కూడా టిష్యూ మీద మచ్చగా తేలుతుంది. మా దాంట్లో బాత్రూం సింకు కింద ఒంపు పైపు నట్ చేత్తో తిప్పితేనే తిరిగింది, ఫ్యాక్టరీలో పెట్టారు గానీ బిగించలేదన్నమాట. నాకు చిన్నగా కనిపించిన ఆ చుక్కే ఓ రెండు నెలలు వదిలేస్తే కింద చెక్క ఉబ్బి మెత్తబడిపోయేది. షవర్, టాయిలెట్ వెనక, వాటర్ పంపు దగ్గర, బయట షవర్ ఉంటే అదీ, అన్నిటికీ ఇదే పరీక్ష. నీళ్ళ కనెక్షన్ తీసేసి పంపు ఆన్ చేసి కుళాయిలన్నీ కట్టేసి ఊరుకోండి, పంపు ఉండుండి తనంతట తనే గుర్రుమంటుంటే ఎక్కడో లీకున్నట్టే.

నిచ్చెన అడిగి పైకప్పు కూడా చూడండి, మొహమాటపడొద్దు. వెంట్లు, ఏసీ, అంచులు, వీటి చుట్టూ పూసే సీలెంట్ ఎక్కడా పగులు గానీ ఖాళీ గానీ లేకుండా ఉండాలి, ట్రెయిలర్లని చంపేది ఆ సందుల్లోంచి దిగే వాన నీళ్ళే. టైర్ల మీద డాట్ (DOT) అని ఉన్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన తేదీ, 3224 అంటే 2024లో 32వ వారం, కొత్త ట్రెయిలర్‌కి పాత టైర్లు రాకూడదు. స్లైడ్, ఆనింగ్, ఏసీ, హీటర్, స్టవ్, ప్రతి ప్లగ్గు, ప్రతి తలుపు గొళ్ళెం వేసి తీసి చూడండి, దొరికిన లోపాలన్నీ రాసి వాళ్ళతో సంతకం పెట్టించుకోండి, రిపేర్ అయ్యాకే మిగతా డబ్బు ఇస్తామనండి. డబ్బంతా ఇచ్చేసి ఇంటికి తెచ్చుకున్నాక సర్వీస్ క్యూలో చివరి నంబర్ మనదే, ఇది అనుభవం మీద చెప్తున్నా.

తగిలించేటప్పుడు ఒక చిన్న కిటుకు. ట్రెయిలర్ ముక్కున ఉండే కప్లర్‌ని హిచ్ మీదుండే గుండ్రటి బాల్ మీద దించి లాచ్ వేసి పిన్ను పెట్టాక జాక్‌తో ట్రెయిలర్ ముక్కుని మళ్ళీ పైకి లేపండి, దాంతోపాటు మీ బండి వెనక భాగం కూడా లేస్తే కప్లర్ పట్టుకున్నట్టు, కప్లర్ ఒక్కటే బాల్ మీంచి లేచొస్తే పట్టుకోనట్టు. తర్వాత గొలుసులు రెండూ ఒకదాన్నొకటి దాటేలా కింద నుంచి వెయ్యాలి, పొరపాటున ఊడితే ట్రెయిలర్ ముక్కు ఆ గొలుసుల ఉయ్యాల్లో పడుతుంది గానీ రోడ్డుకి గుచ్చుకోదు. సన్నటి బ్రేక్అవే కేబుల్‌ని గొలుసుకి కాదు, విడిగా బండికే తగిలించండి, ట్రెయిలర్ విడిపోతే దాని బ్రేకులు పట్టించేది అదే. ఏడు పిన్నుల వైరు పెట్టి లైట్లు చూసి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా పోతూ ట్రెయిలర్ బ్రేకుల్ని నడిపే, డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ లివర్ ఒక్కటే నొక్కండి, ట్రెయిలర్ బండిని వెనక్కి లాగినట్టు తెలియాలి. చక్రాల నట్లు కొత్తలో వదులవుతాయి, 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి, విసుగే, అయినా తప్పదు.

రోడ్డు మీద ట్రెయిలర్ ఊగడం మొదలెడితే కాలు బ్రేక్ మీదకి పోతుంది, పోనివ్వకండి, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఆ కంట్రోలర్ లివర్‌ని చేత్తో నొక్కండి, ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పట్టి వెనక నుంచి తాడు లాగినట్టు సర్దుకుంటుంది. రివర్స్‌కి, స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకోండి, ట్రెయిలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి, అంతే, మిగతాదంతా ప్రాక్టీసూ ఓపికా. వెనకాల నిలబడి చెయ్యూపే మనిషితో అరుచుకోకుండా ఫోన్లో మాట్లాడుకోండి, కాపురాలు బాగుంటాయి.

క్యాంప్ స్థలానికి చేరాక ట్రెయిలర్ సెట్ చేసే వరస ముఖ్యం. ముందు అడ్డంగా లెవెల్, అంటే ఏ పక్క చక్రం పల్లంగా ఉందో దాని కింద బ్లాకులు పెట్టి ఎక్కించాలి, ఇది బండి తగిలించి ఉండగానే అవ్వాలి. తర్వాత చక్రాలకి రెండు వైపులా చాక్స్, అంటే దొర్లకుండా పెట్టే అడ్డు దిమ్మలు, ఆ తర్వాతే హిచ్ విప్పడం, అప్పుడు ముందు జాక్‌తో నిలువు లెవెల్. మూలల్లో ఉండే నాలుగు కాళ్ళు స్టెబిలైజర్లు మాత్రమే, ఊగకుండా ఆనించడానికి, వాటితో ట్రెయిలర్‌ని లేపితే ఫ్రేమ్ వంగుతుంది, స్లైడ్ పట్టేసుకుంటుంది.

కరెంటు పెట్టేముందు అక్కడి కరెంటు స్తంభం దగ్గర బ్రేకర్ ఆఫ్ చేసి, కరెంటు తేడాల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి బ్రేకర్ వేసి, అది ఓకే అన్నాకే మళ్ళీ ఆఫ్ చేసి ట్రెయిలర్ వైరు తగిలించండి. 30 ఆంప్ ట్రెయిలర్ అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు, ఏసీకే 13 ఆంప్‌ల దాకా, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే ఇంకో 12, ఇప్పుడు మైక్రోవేవ్ నొక్కితే చీకటే. ఇంటి దగ్గర 30 ఆంప్ ప్లగ్గు పెట్టించుకునేవాళ్ళు ఎలక్ట్రీషియన్‌కి 120 వోల్టులు అని కాగితం మీద రాసివ్వండి, ఆ ప్లగ్గు చూసి బట్టల డ్రైయర్‌ది అనుకుని 240 కలిపేసిన వాళ్ళున్నారు, ఒక్క క్షణంలో లోపలి సామాను కాలిపోద్ది.

నీళ్ళకి తాగే నీళ్ళ తెల్ల గొట్టం, కుళాయి దగ్గరే ప్రెషర్ రెగ్యులేటర్. అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది వాటర్ హీటర్ దగ్గర. ట్యాంకులో నీళ్ళు లేకుండా కరెంటు స్విచ్ వేస్తే నీళ్ళు వేడిచేసే ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది, ఇది అందరూ చెప్తారు, వేడి కుళాయి తిప్పి నీళ్ళొస్తే నిండినట్టే అని కూడా చెప్తారు, అక్కడే నేను పప్పులో కాలేశా. చలికాలం కోసం డీలర్లు హీటర్‌ని బైపాస్‌లో పెట్టి ఉంచుతారు, అప్పుడు నీళ్ళు ట్యాంకులోకి పోకుండా పక్క పైపు గుండా వేడి కుళాయిలోకి వచ్చేస్తాయి, కుళాయి ధారగా పారుతుంటుంది, ట్యాంకు మాత్రం ఖాళీ. మాది అలాగే పోయింది, మొదటి రాత్రే. కాబట్టి హీటర్ వెనక ఉండే బైపాస్ వాల్వులు తిప్పి, నీళ్ళు వదిలి, చల్లగా ఉన్నప్పుడే బయట హీటర్ మూత తీసి ప్రెషర్ రిలీఫ్ వాల్వు లివర్ కొంచెం ఎత్తండి, అందులోంచి నీళ్ళు చిమ్మితే నిండినట్టు. అప్పుడు స్విచ్ వెయ్యండి.

మొదటిసారి వాడేముందు మంచినీళ్ళ ట్యాంకు కడగడానికి 15 గాలన్ల నీళ్ళకి పావు కప్పు వాసన లేని మామూలు బ్లీచ్ లెక్కన కలిపి, ఆ వాసన ప్రతి కుళాయిలో వచ్చేదాకా వదిలి, కనీసం నాలుగు గంటలుంచి వదిలేసి మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగెయ్యండి. హీటర్‌ని మాత్రం అప్పుడు బైపాస్‌లోనే ఉంచొచ్చు, చూశారా మళ్ళీ అదే వాల్వు, కడిగాక తిప్పడం మర్చిపోకండి. గ్యాస్ సిలిండర్ వాల్వు నెమ్మదిగా తిప్పి జాయింట్ల మీద సబ్బు నురగ పూయండి, బుడగలొస్తే కట్టేసి బిగించాలి.

టాయిలెట్ ట్యాంకు గురించి ఎవరూ మాట్లాడరు గానీ అవసరం. దాని వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి, పైపు తగిలించే ఉంది కదా అని తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది గుట్టగా మిగిలిపోతుంది, తర్వాత ఏ మందుకీ కదలదు. మొదట్లోనే రెండు గాలన్లు నీళ్ళు పోసి మొదలెట్టండి, మూడొంతులు నిండాక వదలండి, ముందు టాయిలెట్ ట్యాంకు, ఆ వెనకే సింకు నీళ్ళ ట్యాంకు, ఆ రెండోదే గొట్టాన్ని కడిగేస్తుంది. గ్లోవ్స్ వేస్కోండి, ఎవరితోనూ మాట్లాడుతూ చెయ్యకండి.

మొదటి ట్రిప్పు ఇంటికి గంట దూరంలోనే పెట్టుకోండి, ఏదో ఒకటి మర్చిపోతారు, ఏదో ఒకటి ఊడుతుంది, వెనక్కి రావడం తేలికవ్వాలి. బయల్దేరేముందు చుట్టూ ఒక రౌండు వేయండి, వైరు తీశారా, గొట్టం తీశారా, ఆనింగ్ మూశారా, కాళ్ళు ఎత్తారా, చాక్స్ చేతికొచ్చాయా. మేమైతే మెట్లు మడవకుండా పది మైళ్ళు పోయాం, పక్క లేన్లో ఒకాయన హారన్ కొడుతుంటే మా ఆవిడ టాటా చెప్పింది.