హైడ్రాలిక్ ప్రెస్ ఆయిల్ కాగిపోతోందా? కూలర్ కొనేముందు వేడి పుట్టే చోటు పట్టుకోండి

మే నెల వచ్చిందంటే హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఒకటే మాట: "ఎండలకు ఆయిల్ కాగుతోందండీ, పెద్ద కూలర్ పెట్టించాలి." పెట్టించే ముందు ఒక్క లెక్క చూడండి. జనవరిలో షెడ్డులో 28 డిగ్రీలు, మేలో 42. అంటే 14 డిగ్రీల తేడా. గాలితో చల్లబడే పవర్ ప్యాక్‌లో (ప్రెస్‌కు ఆయిల్ పంపే పంపు, మోటారు, ట్యాంకు కలిసిన యూనిట్) ఆయిల్ వేడి కూడా దాదాపు అంతే పెరగాలి. జనవరిలో 50 ఉన్న ట్యాంకు ఇప్పుడు 78 చూపిస్తోందంటే అందులో సగం ఎండది కాదు, మిషన్ లోపల పుడుతున్నదే.

అది పుట్టే తీరు ఇది. ఆయిల్ పొరలు ఒకదానిమీద ఒకటి వేర్వేరు వేగాలతో జారుతుంటే స్నిగ్ధత (ఆయిల్ చిక్కదనం) ఆ కదలికను వేడిగా మార్చేస్తుంది. పొరల మధ్య వేగం తేడా ఎంత తక్కువ దూరంలో ఉంటే వేడి అంత ఎక్కువ. వేగం అదే ఉండి సందు సగమైతే, అంతే ఆయిల్‌లో పుట్టే వేడి నాలుగింతలు. అందుకే ఇది పెద్ద పైపుల్లో కాదు, వాల్వ్ సందుల్లో పుడుతుంది. షాపులో గుర్తుంచుకోవాల్సిన సూత్రం: ప్రెషర్‌ను బార్లలో తీసుకుని, నిమిషానికి పారే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. సిలిండర్ కదలకుండా ప్రెషర్ పడిపోయిందంటే ఆ కిలోవాట్లన్నీ ఆయిల్‌లోకే.

లక్షణం: ప్రెస్ పట్టి ఉంచినప్పుడు (డ్వెల్‌లో) వేడి ఎక్కుతోంది

ఎక్కువ చోట్ల ఉండే జబ్బు ఇదే. రబ్బర్ మౌల్డింగ్ ప్రెస్సులు నిమిషాల తరబడి ప్రెషర్ పట్టి ఉంచాలి. గేర్ పంపు మాత్రం ఆగదు. నిమిషానికి 40 లీటర్లు, 150 బార్ దగ్గర రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే వాల్వ్) మీదుగా ట్యాంకులోకి పోతుంటే 10 కిలోవాట్ల హీటర్ పెట్టినట్టే. రెండు చదరపు మీటర్ల గోడలున్న ట్యాంకు, ఆయిల్ 60, షెడ్డు 42 ఉన్నప్పుడు అర కిలోవాట్ కూడా బయటికి వదల్లేదు. ఈ లెక్క చేతిలో ఉంటే యజమానికి చెప్పడం తేలిక.

మందు కూలర్ కాదు. పైలట్ చెక్ వాల్వ్ (ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని వాల్వ్), అక్యుములేటర్ (ప్రెషర్‌తో ఆయిల్‌ను నిల్వ ఉంచే సీసా) పెట్టి ప్రెషర్‌ను సిలిండర్ వైపే బంధించండి. ఆ సమయంలో పంపును అన్‌లోడ్ చేయండి, అంటే ఆయిల్ ప్రెషర్ లేకుండానే ట్యాంకుకు తిరిగిపోయేలా చేయండి. అన్‌లోడ్ అయ్యాక 5 బార్ మిగిలినా, అదే 40 లీటర్లకు పుట్టే వేడి 0.33 కిలోవాట్ మాత్రమే.

లక్షణం: డెలివరీ తనే తగ్గించుకునే పిస్టన్ పంపు ఉన్నా రోజంతా రిలీఫ్ వాల్వ్ కూస్తోంది

ఇక్కడ వాల్వ్‌ను తిట్టకండి, సెట్టింగ్ చూడండి. టన్నేజీ (ప్రెస్ నొక్కే బలం) చాలడం లేదని ఎవరో పంపు కాంపెన్సేటర్ (సెట్ చేసిన ప్రెషర్ దగ్గర పంపు డెలివరీని తగ్గించే భాగం) స్క్రూ బిగించి ఉంటారు. కాంపెన్సేటర్ 160 బార్, రిలీఫ్ 150 బార్ అయితే పంపు తన డెలివరీ తగ్గించుకునే అవకాశమే రాదు. ముందు రిలీఫ్ తెరుచుకుంటుంది. రిలీఫ్ ఎప్పుడూ కాంపెన్సేటర్ కంటే 15 నుంచి 20 బార్ పైన ఉండాలి. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది. అయితే స్క్రూలు తిప్పే ముందు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ప్రెషర్ చూడండి, గేజ్ సరిగా ఉందో లేదో కూడా.

లక్షణం: సెట్టింగులన్నీ సరే, వేడి మాత్రం తగ్గదు

ఏదో వాల్వ్ లోపల లీక్ అవుతోంది. పట్టుకోవడానికి టెంపరేచర్ గన్ చాలు. ఆయిల్ ప్రతి 100 బార్ కోల్పోయినప్పుడు ఒక్క దాటుకే సుమారు 5 డిగ్రీలు వేడెక్కుతుంది. కాబట్టి మూసి ఉండాల్సిన వాల్వ్ ట్యాంకు లైను, దాని ఇన్‌లెట్ కంటే ఆరేడు డిగ్రీలు వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. మెరిసే స్టీలు మీద గన్ తప్పు రీడింగ్ ఇస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. చేత్తో తాకి చూసే అలవాటు మానండి, 70 డిగ్రీల పైపు చర్మాన్ని కాలుస్తుంది.

పంపు కేస్ డ్రెయిన్ (పంపు లోపల లీకైన ఆయిల్ ట్యాంకుకు పోయే లైను) వేడి కూడా కొలవండి. అరిగిన పంపులో లీకేజీ పెరిగి డ్రెయిన్ కాగుతుంది. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, పల్చబడితే లీకేజీ ఇంకా పెరుగుతుంది. 68 గ్రేడ్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్ (స్నిగ్ధత కొలమానం), 70 దగ్గర సుమారు 20. అందుకే మధ్యాహ్నం నుంచి ప్రెస్ మందగిస్తుంది. 80 దాటనిస్తే సీళ్ళు, ఆయిల్ రెండూ త్వరగా పాడవుతాయి.

గ్రేడ్ పెంచితే సరిపోతుందనుకోవద్దు. మరీ చిక్కటి ఆయిల్ పొద్దున్నే పంపుకు సరిగా అందదు, పైపుల్లో నష్టం పెరిగి అదే మళ్ళీ వేడవుతుంది. పంపు తయారీదారు చెప్పిన గ్రేడే వాడండి.

కూలర్ వంతు ఇవన్నీ అయ్యాకే. నీళ్ళతో చల్లబరిచే కూలర్ అయితే, మన బోరు నీళ్ళలో కాఠిన్యం ఎక్కువ, ట్యూబుల్లో పొలుసు కడుతుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు పాత కూలరే సరిపోతుంది.

లక్షణం: కంప్యూటర్ మోడల్లో ఆయిల్ అసలు వేడెక్కడమే లేదు

ఇది ప్రాజెక్టు చేసే ఇంజనీరింగ్ విద్యార్థులకు. ఫ్లుయెంట్‌లో (ద్రవాల ప్రవాహాన్ని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) ప్రెషర్ ఆధారిత సాల్వర్ వాడితే విస్కస్ హీటింగ్ (స్నిగ్ధత వల్ల పుట్టే వేడి లెక్క) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది; విస్కస్ మోడల్ ప్యానెల్‌లో మీరే ఆన్ చేయాలి. అవసరమో కాదో బ్రింక్‌మన్ సంఖ్య చెబుతుంది: స్నిగ్ధతను వేగ వర్గంతో గుణించి, ఉష్ణవాహకతతోనూ ఉష్ణోగ్రత తేడాతోనూ భాగించండి. పైపులో సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే నీటికి 10 డిగ్రీల తేడా ఉంటే ఇది వెయ్యోవంతు కూడా రాదు, వదిలేయొచ్చు. వాల్వ్ సందులో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే ఆయిల్‌కు అదే తేడాలో 3 వస్తుంది, వదిలేస్తే ఫలితం తప్పు. స్నిగ్ధతను ఉష్ణోగ్రతతో మారేలా ఇవ్వడం మరవద్దు.

ఆన్ చేశాక సరిచూసుకోండి. గోడలు ఇన్సులేట్ చేసి సాంద్రత స్థిరంగా ఉంచిన మోడల్లో ప్రతి 100 బార్‌కు సుమారు 6 డిగ్రీలు రావాలి. షాపులో కొలిచే 5 కంటే ఇది ఎక్కువ, ఎందుకంటే నిజమైన ఆయిల్ ప్రెషర్ తగ్గేటప్పుడు కొంచెం వ్యాకోచించి కొంత చల్లబడుతుంది. 6 కంటే బాగా తక్కువ వస్తే సందులో మెష్ (లెక్క కోసం మోడల్‌ను విడగొట్టిన గడులు) పలచగా ఉందేమో చూడండి, గోడ పక్కన పొరలు పెంచి మళ్ళీ నడపండి.