ఇంటర్ ఫిజిక్స్ సొంతంగా, 4వ పాఠం: డెరివేషన్‌ను ముందు అంకెలతో చేద్దాం

గత పాఠంలో ఒక వెక్టర్‌ను అడ్డ భాగం, నిలువు భాగంగా విడగొట్టడం నేర్చుకున్నాం. అక్కడ ఇచ్చిన లెక్కలు ఇంకా చేయకపోతే ముందు అవి చేసి రండి. ఈ పాఠమంతా వాటి మీదే నడుస్తుంది.

ఫస్టియర్‌లో ఎంపీసీ వాళ్లకైనా, బైపీసీ వాళ్లకైనా తప్పని ప్రశ్న ఒకటుంది: ఏటవాలుగా విసిరిన వస్తువు దారి పరావలయమని చూపించండి. చాలామంది దీన్ని గైడులో చూసి బట్టీ పడతారు. పరీక్ష హాల్లో మూడో లైను మర్చిపోతే నాలుగోది రాదు, ఇక టెన్షన్ మొదలు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లలకు ఇది మరీ కష్టం. వాళ్లకు తెలివి లేక కాదు. ఏ అక్షరం దేని గురించి చెబుతోందో ఎవరూ ఆగి చూపించకపోవడం వల్లే. అందుకే అక్షరాలను కాసేపు పక్కన పెడదాం.

బంతిని నేల మీద నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరాం అనుకోండి. గాలి అడ్డు లేదు. జీ, అంటే భూమి లాగడం వల్ల కలిగే త్వరణం, విలువ 10 తీసుకుందాం.

నోట్సు పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ వైపు 'అడ్డం', కుడి వైపు 'నిలువు' అని రాయండి. సైన్ 30 అంటే సగం కాబట్టి నిలువు వేగం 10. కాస్ 30 అంటే 0.866 కాబట్టి అడ్డం వేగం 17.3. భూమి కిందికే లాగుతుంది, పక్కకు లాగదు. కనుక ఎడమ వైపు వేగం చివరిదాకా 17.3 గానే ఉంటుంది. కుడి వైపు వేగం మాత్రం పైకి వెళ్లేటప్పుడు సెకనుకు 10 చొప్పున తగ్గుతుంది. ఒక వైపు అంకెను రెండో వైపు సూత్రంలో ఎప్పుడూ వేయకండి. గీతకు రెండు వైపులా ఉమ్మడిగా ఉండేది కాలం ఒక్కటే. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క చూడండి. నిలువు వేగం 10 కాస్తా సున్నా కావడానికి 1 సెకను. ఆ లోపల సగటు వేగం 5, కాబట్టి ఎక్కిన ఎత్తు 5 మీటర్లు. దిగడానికి ఇంకో సెకను. మొత్తం 2 సెకన్లలో అడ్డంగా వెళ్లింది 34.6 మీటర్లు.

మరి పరావలయం ఎక్కడుంది? శిఖరం నుంచి చూడండి. శిఖరం దాటిన అర సెకనుకు బంతి అడ్డంగా 8.65 మీటర్లు జరిగింది, 1.25 మీటర్లు దిగింది. పూర్తి సెకనుకు 17.3 మీటర్లు జరిగింది, 5 మీటర్లు దిగింది. జరిగిన దూరం రెండింతలైతే, దిగినది నాలుగింతలైంది. దిగుడు అడ్డ దూరపు వర్గాన్ని అనుసరించి పెరగడం, అదే పరావలయం. గ్రాఫ్ పేపరు మీద అర సెకనుకు ఒక చుక్క పెట్టి కలపండి, ఆకారం మీ చేతి కిందే వస్తుంది.

ఇక అక్షరాలు. 20 ఉన్నచోట యు, 30 డిగ్రీలున్నచోట తీటా, 10 ఉన్నచోట జీ పెట్టి అవే లైన్లు మళ్లీ రాయండి. కొత్త ఆలోచన ఏమీ అక్కర్లేదు. దారి సమీకరణానికి మాత్రం ఎడమ వైపు నుంచి కాలం విలువ తీసి కుడి వైపు సూత్రంలో వేయాలి. వచ్చిన సూత్రాలను అక్కడికక్కడే సరిచూసుకోండి. బంతి తిరిగి నేల తాకేదాకా అడ్డంగా వెళ్లిన దూరమే వ్యాప్తి; దాని సూత్రం యు స్క్వేర్ ఇంటూ సైన్ 2 తీటా, బై జీ. అందులో మన అంకెలు వేస్తే 400 ఇంటూ 0.866, బై 10, అంటే 34.6. ముందు వచ్చిందే వచ్చింది. గరిష్ఠ ఎత్తు సూత్రంలో కింద 2జీనా, జీనా అని అనుమానం వస్తే అదే పని చేయండి: 5 ఏది ఇస్తే అదే సరైనది. హాల్లో మీకు తోడుండేది ఈ అలవాటే.

జవాబు పత్రంలో ముందు బొమ్మ. బొమ్మ మీద కోణం, తొలి వేగం, దాని రెండు భాగాలు గుర్తించాలి. తర్వాత ఒక్కో స్టెప్పు ఒక్కో లైనులో రాయండి. ప్రశ్నలో జీ 9.8 అని ఇస్తే 10 వేయకండి.

ఎంసెట్‌కూ, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌కూ, ఇదే చదువు సరిపోతుంది, వేరే పుస్తకం కోసం పరుగెత్తకండి. అక్కడ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్‌వి 40. నిమిషం చిల్లరలో బట్టీ పట్టిన పది లైన్లు గుర్తు చేసుకునే వీలుండదు, గీతకు ఏ వైపు అంకె అడిగారో పోల్చుకున్నవాళ్లు గబుక్కున చేసేస్తారు.

ఈ వారం పని: అదే 20 మీటర్ల వేగం, కోణం మాత్రం 60 డిగ్రీలు. కాలం, ఎత్తు, వ్యాప్తి అంకెలతోనే కట్టండి. 30 డిగ్రీల జవాబుల పక్కన పెట్టి, ఏది మారింది, ఏది మారలేదు, ఎందుకు అనేది సొంత మాటల్లో నాలుగు లైన్లు రాయండి. తెలుగులో రాసినా పర్వాలేదు. తర్వాత పుస్తకం మూసి, డెరివేషన్ మొత్తం తెల్లకాగితం మీద ఒకసారి రాయండి. ఎక్కడ ఆగితే అక్కడ గైడు తెరవకుండా, అంకెల పేజీ తెరవండి.

5వ పాఠంలో మేడ మీద నుంచి అడ్డంగా విసిరిన రాయి. గీత అదే, కుడి వైపు తొలి వేగం సున్నా.