తలకు నూనె వద్దు, పసుపు కొమ్ము మరవద్దు: ఈఈజీ, ఎమ్మారై ఒకేసారి తీసే రోజు కోసం

మాది హనుమకొండ. నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. మెదడు పరిశోధన కోసం వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే వాలంటీర్లను హైదరాబాద్‌లో స్కాన్‌కు సిద్ధం చేస్తుంటాను. మీరో, మీ ఇంట్లో వాళ్లో అలా వెళ్తుంటే ఇది చదివి వెళ్లండి.

రెండు పరీక్షలూ ఒకేసారి ఎందుకని అందరూ అడుగుతారు. మెదడులో పుట్టే విద్యుత్తును ఈఈజీ మిల్లీసెకన్లలో పట్టుకుంటుంది, కానీ అది ఎక్కడ పుట్టిందో కచ్చితంగా చెప్పలేదు. ఫంక్షనల్ ఎమ్మారై రెండు మూడు మిల్లీమీటర్ల చోటును కూడా విడిగా చూపిస్తుంది. కానీ అది చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పును. ఆ మార్పు బాగా కనబడేసరికి అయిదారు సెకన్లు పడుతుంది. ఫిట్స్ మీద పనిచేసేవాళ్లకు ఎప్పుడన్నదీ కావాలి, ఎక్కడన్నదీ కావాలి.

ముందు రోజు రాత్రి తలస్నానం చేయండి. కుంకుడుకాయైనా షాంపూ అయినా సరే, కండిషనర్ మాత్రం వద్దు. పొద్దున నూనె చుక్క కూడా పెట్టొద్దు. మూడేళ్ల కింద ములుగు దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దమ్మ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. పట్నం పోతున్నానని తలకు నిండా కొబ్బరినూనె పెట్టి నున్నగా జడ వేసుకుంది. ఫోన్‌లో ఆ మాట చెప్పనిది నేనే. రెండుసార్లు తల కడిగినా ఎలక్ట్రోడ్లు, అంటే మెదడు విద్యుత్తును పట్టడానికి తలకు అంటించే చిన్న బిళ్లలు, చర్మానికి సరిగా అందలేదు. ఆమెకు ఆ రోజు కూలి డబ్బులు పోయాయి. అప్పటి నుంచి ముందు రోజు సాయంత్రం ప్రతి ఒక్కరికీ నేనే ఫోన్ చేస్తాను. వేములవాడలో తలనీలాలు ఇచ్చి నేరుగా వచ్చిన ఒకాయనకు మాత్రం ఎలక్ట్రోడ్లు అంటించే ముప్పావుగంట పని పావుగంటలో అయిపోయింది!

ఇక లోహం. ఎమ్మారై స్కానర్ అంటేనే ఒక పెద్ద అయస్కాంతం. దాని బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. మూడు టెస్లాల అయస్కాంతం అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 60 వేల రెట్లు. పిన్నులు, ముక్కుపుడక, మొలతాడుకున్న తాయెత్తు, మెట్టెలు అన్నీ ఇంట్లోనే తీసి రండి. వెండి అయస్కాంతానికి అంటదు కదా అంటారు. నిజమే, కానీ స్కానర్ రేడియో తరంగాలకు అది వేడెక్కవచ్చు, పైగా అందులో ఏం కలిపారో మనకు తెలియదు. పుస్తెల దగ్గరే ఇబ్బంది. "పుస్తెలు తీయుమంటవేంది బిడ్డా" అని ఆ పెద్దమ్మే కళ్లనీళ్లు పెట్టుకుంది. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని రండి, దానితో లోపలికి వెళ్లొచ్చు. తీసిన పుస్తెలు మీ వాళ్ల చేతికే ఇవ్వండి, అక్కడి బీరువాలో పెట్టకండి.

వెల్డింగ్, లేత్ పని ఎప్పుడైనా చేసి ఉంటే తప్పకుండా చెప్పండి. కంట్లో ఇనుప రజను ఉంటే లోపల కదిలి చూపు పోవచ్చు. పేస్‌మేకర్, ఆపరేషన్‌లో ఒంట్లో వేసిన క్లిప్పులు, పచ్చబొట్టు, గర్భం, ఏదీ దాచొద్దు.

వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. కాజీపేటలో పొద్దున రైలెక్కి హడావుడిగా వచ్చే బదులు ముందు రాత్రే చుట్టాలింట్లో పడుకోవడం మంచిదని నా అభిప్రాయం. నిద్ర చాలకపోతే లోపల కునుకు పడుతుంది, మెదడు తరంగాలే మారిపోతాయి. టీ ఎన్ని తాగారో కూడా చెప్పండి, కెఫీన్ మెదడు రక్తప్రసరణను తగ్గిస్తుంది.

లోపల కదలొద్దని అంతగా ఎందుకు చెబుతామంటే, స్కానర్ పుట్టించే విద్యుత్ రొద (చెవికి వినపడే చప్పుడు కాదు) ఈఈజీ మీద మెదడు సంకేతం కంటే ఎన్నో రెట్లు పెద్దగా పడుతుంది. ఆ రొద ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్ని తీసేయగలదు. తల కదిలితే రొద రూపం మారిపోతుంది, ఇక తీయడం కష్టం. గుండె కొట్టుకున్నప్పుడు తల కదిలే సూక్ష్మమైన కదలిక కూడా పడుతుంది, అందుకే గుండె ఎప్పుడు కొట్టుకుందో తెలియడానికి వీపు మీద ఒక ఎలక్ట్రోడ్ అంటిస్తాం. చెవుల్లో ప్లగ్గులు పెడతారు, చేతికి ఒక బంతి ఇస్తారు. నెత్తి మీద ఎక్కడైనా వేడి అనిపించినా, భయమేసినా వెంటనే నొక్కండి. ఓర్చుకోవద్దు, టెన్షన్ పడొద్దు.

సంతకం పెట్టేముందు కాగితం తెలుగులో అడగండి. పరిశోధన పద్ధతిగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రయాణ ఖర్చులు, స్కాన్‌లో ఏదైనా తేడా కనబడితే ఎవరు చెబుతారన్నది, అన్నీ అడగండి. మధ్యలో మానుకునే హక్కు మీకుంది.

అయ్యాక నెత్తినిండా జెల్ ఉంటుంది, గోరువెచ్చని నీళ్లతో పోతుంది. ఒక తువ్వాలు, దువ్వెన తెచ్చుకోండి. నూనె ఇంటికెళ్లాక పెట్టుకోవచ్చు.