లాజిక్ చిప్పులు నేర్చుకుందాం - 5వ పాఠం: ఏ చిప్పు కొనాలి?

పోయిన పాఠంలో న్యాండ్ గేటు ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్లకు ఏ అవుట్‌పుట్ వస్తుందో చెప్పే పట్టిక) రాసుకున్నాం: రెండు ఇన్‌పుట్లూ ఒకటైతేనే అవుట్‌పుట్ సున్నా, లేకపోతే ఒకటి. ఈసారి దాంతో పని చేయిద్దాం.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. కాపలా మనిషిని వెంటనే లేపే అలారం కావాలి. అది 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలి.

షాపుకెళ్లి "న్యాండ్ గేట్ల చిప్పు ఇవ్వండి" అంటే చాలదు. 74ఎల్‌ఎస్00కి 5 వోల్టులే కావాలి, పావు వోల్టు అటూ ఇటూ. 74హెచ్‌సీ00 అయితే 2 నుంచి 6 దాకా. 12 ఇస్తే రెండూ పోతాయి. సీడీ4000 కుటుంబం 3 నుంచి 18 దాకా తట్టుకుంటుంది. అందులో మనకు కావాల్సింది సీడీ4093.

అదే కుటుంబంలోని 4011 కూడా న్యాండే కదా, 4093 ఎందుకు? కరెంటు ఉందో లేదో చిప్పుకి తెలిపేది ప్లగ్గులో పెట్టిన అడాప్టర్. కరెంటు పోయినా అడాప్టర్ లోపలి కెపాసిటర్ మెల్లగా ఖాళీ అవుతుంది. వోల్టేజీ నెమ్మదిగా దిగేటప్పుడు మామూలు గేటు ఒకటా సున్నానా తేల్చుకోలేక తడబడుతుంది. 4093లో ష్మిట్ ట్రిగ్గర్ (ఎక్కేటప్పుడు ఒక వోల్టేజీ దగ్గర, దిగేటప్పుడు అంతకంటే తక్కువ దగ్గర మారే ఏర్పాటు) ఉంది కాబట్టి ఒక్కసారే మారుతుంది. ఫోన్ చార్జర్ మాత్రం వాడకండి. 12 వోల్టుల మీద నడిచే ఈ చిప్పుకి 5 వోల్టులు "ఒకటి" కింద లెక్కకు రావు. 12 వోల్టుల అడాప్టరే పెట్టండి.

అడాప్టర్ ప్లస్ నుంచి 10 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా ఇన్‌పుట్లయిన 1, 2 పిన్నులకు, అదే ప్లస్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్ రెసిస్టర్. బ్యాటరీ, అడాప్టర్ గ్రౌండ్లు కలపాలి. 14కి బ్యాటరీ ప్లస్, 7కి గ్రౌండ్, ఆ రెంటి మధ్య చిప్పుకి ఆనుకుని 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్. అవుట్‌పుట్ అయిన 3వ పిన్ను ఇచ్చే కరెంటు చాలా తక్కువ, హూటర్‌కి మధ్యలో ట్రాన్సిస్టర్ తప్పదు.

మొదటిసారి నేను 1వ పిన్నే కలిపి 2ని గాలికి వదిలేశాను. చెయ్యి దగ్గరికి తెస్తే హూటర్ కుయ్‌మనేది, తీస్తే ఆగేది. రెండు రోజులు బ్యాటరీనే అనుమానించాను. సీమాస్ చిప్పులో (4093 ఆ రకమే) ఏ ఇన్‌పుట్‌నీ వదిలేయకూడదు. వాడని 5, 6, 8, 9, 12, 13 పిన్నులను గ్రౌండ్‌కి కట్టేయండి. 4, 10, 11 అవుట్‌పుట్లు, వాటిని ముట్టుకోవద్దు. 7400 పిన్నుల వరస వేరు, ఆ బొమ్మ చూసి దీన్ని కట్టకండి.

ఇంటిపని: అడాప్టర్ పీకి, అలారం మోగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాత 100 కిలో ఓమ్ బదులు 1 కిలో ఓమ్ పెట్టి మళ్లీ చూడండి. రెండు అంకెలూ రాసి ఉంచండి, 6వ పాఠం వాటితోనే మొదలవుతుంది.