జ్ఞాపకం నిలవనివారికి కొత్త అలవాటు నేర్పే పద్ధతి

"పొద్దున మాత్ర వేసుకున్నారా నాన్నగారూ?" అంటే "వేసుకున్నానమ్మా" అంటారు. చూస్తే మాత్ర డబ్బాలోనే ఉంటుంది. ఆయన అబద్ధమాడటం లేదు. రోజూ చేసే పనే కాబట్టి జ్ఞాపకంలోని ఖాళీని మెదడు దానితో పూడ్చేసింది. తలకు దెబ్బ తగిలినా, మెదడువాపు వచ్చినా, ఏళ్ల తరబడి తాగుడు వల్ల బి1 విటమిన్ లోపించినా ఈ పరిస్థితి రావచ్చు. మతిమరుపు ఉన్నట్టుండి మొదలైతే మాత్రం ఇంటి చిట్కాలతో ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి.

ఇలాంటివారికి ఇక కొత్తదేదీ నేర్పలేమని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. అది నిజం కాదు. అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో, మెదడుకు ఆపరేషన్ చేసి, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కలిసిన మనుషులు ఆయనకు గుర్తుండేవారు కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడిపించారు. మూడు రోజుల్లో చేయి బాగా తిరిగింది. కానీ ఆ పని ముందెప్పుడూ చేసినట్టు ఆయనకు గుర్తే లేదు. జరిగింది గుర్తుంచుకునే దారి, చేతికి అలవాటయ్యే దారి వేర్వేరు. మనం రెండో దారిలో నేర్పాలి.

ఆ దారికి ఒక లోపం ఉంది, తప్పొప్పులు ఎంచదు. మామూలుగా మనం ఒకసారి తప్పు చెబితే "ఇందాక కాదన్నారు" అని గుర్తుపెట్టుకుని దిద్దుకుంటాం. వీరికి ఆ దిద్దుబాటు నిలవదు, నోట వచ్చిన తప్పే అలవాటుగా పాతుకుపోతుంది. అందుకే "గుర్తు తెచ్చుకోండి, ప్రయత్నించండి" అని ఊహించమనకూడదు. ఊహకు తావివ్వకుండా నేర్పితేనే జ్ఞాపకం దెబ్బతిన్నవారు బాగా నేర్చుకున్నారని 1994లో మనస్తత్వ శాస్త్రవేత్తలు అలన్ బ్యాడ్లీ, బార్బరా విల్సన్ చూపించారు.

ఒక గోడ కేలండరు, దానికి దారంతో కట్టిన పెన్ను చాలు. మాత్ర మింగి, నీళ్లు తాగి, అక్కడికక్కడే తేదీ గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు ముందు పెట్టనివ్వకండి, మాత్ర మర్చిపోతారు.

ముందు జవాబు మీరే చెప్పండి: "మాత్ర వేసుకున్నదీ లేనిదీ కేలండర్లో చూడాలి." వెంటనే అడగండి: "ఎక్కడ చూడాలి?" ఆయన "కేలండర్లో" అని, లేచి వెళ్లి గడి చూపించాలి. తర్వాత 30 సెకన్లకు, 1 నిమిషానికి, 2, 4, 8, 16 నిమిషాలకు అదే ప్రశ్న. మధ్యలో వేరే కబుర్లు చెప్పండి. అంతా కలిపి అరగంట పని. రెండు మూడు సెకన్లు తడబడితే ఆగకుండా జవాబు చెప్పి, ఆయన చేత అనిపించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి వెళ్లండి. "క... కే..." అని అందించడమూ ఊహించమన్నట్టే. మర్నాడు పొద్దున అడగ్గానే చెప్పగలిగితే పట్టుకున్నట్టే.

ఎక్కువగా చెడేది ఇంట్లోవాళ్ల వల్లే. అమ్మ "మాత్రలేవండీ?" అంటుంది, కోడలు "టిక్కు పెట్టారా మామయ్యా?" అంటుంది. ప్రశ్న మారితే జవాబు రాదు. ప్రశ్నను కాగితం మీద రాసి అంటించి, అందరూ ఆ మాటలే వాడండి. ఒక అలవాటు కుదిరేదాకా రెండోది మొదలుపెట్టకండి. ఇన్సులిన్, షుగరు మాత్రలు, రక్తం పలచబరిచే మందులు మాత్రం ఎంత బాగా నేర్చుకున్నా ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉండాలి. రెండుసార్లు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇలా పట్టుబడిన అలవాటు బిర్రుగా ఉంటుంది, కొత్త చోటికి సర్దుకోదు. గోడలకు సున్నం వేయించి కేలండరును పక్క గదిలో తగిలిస్తే, ఆయన ఖాళీ మేకు ముందు నిలబడిపోతారు. డిసెంబరులోనే అదే సైజు, అలాంటి గడులే ఉన్న కొత్త కేలండరు తెచ్చి, జనవరి 1న అదే మేకుకు తగిలించండి.