డీజిల్ కారుకు టైమింగ్ బెల్ట్ మార్చడం ఎలా?

పాత బెల్ట్ తీసి కొత్తది ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. ఎక్కించాక ఇంజన్‌ను చేత్తో తిప్పి, షాఫ్టుల స్థానం చూపే గుర్తులు (మార్కులు) మళ్లీ సరిచూసే ఓపికే చాలామందికి ఉండదు. అది లేనివారు ఈ పని మెకానిక్కుకు అప్పగించడం మేలు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పనివ్వనిది పళ్లున్న ఈ రబ్బరు బెల్టే. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ చాలా తక్కువ కాబట్టి, లెక్క తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వును గుద్దుతుంది, వాల్వు వంగుతుంది.

ముందుగా మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. మార్కులు ఎక్కడున్నాయో, ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పేది అదే. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీలు కూడా కొత్తవే కొనండి. వాటర్ పంపు ఇదే బెల్ట్ మీద తిరుగుతుంటే దాన్నీ మార్చేయండి. పాత బేరింగ్ పట్టేస్తే నిన్న వేసిన బెల్ట్ కూడా తెగుతుంది. షాఫ్టులు కదలకుండా పట్టి ఉంచే, ఆ ఇంజన్‌కు సరిపోయే లాకింగ్ పిన్నులు, బోల్టును చెప్పినంతే బిగించే టార్క్ రెంచ్ తప్పనిసరి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. కారును స్టాండ్ల మీద నిలబెట్టి చక్రం విప్పండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకు దూరవద్దు. ఆల్టర్నేటర్ బెల్ట్, క్రాంక్ పుల్లీ, కవర్లు వరుసగా తీయండి. ఇంజన్ మౌంట్ అడ్డొస్తే, దాన్ని విప్పే ముందు ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఇంజన్ బరువు మోయించండి. క్రాంక్ బోల్టు ఎంత మొండికేసినా లాకింగ్ పిన్ను ఆధారంగా విప్పవద్దు, పిన్ను విరుగుతుంది. అందుకు పుల్లీని పట్టుకునే పనిముట్టు వేరే ఉంటుంది.

బెల్ట్ వదులు చేయకముందే క్రాంక్‌ను ఎప్పుడూ తిరిగే దిశలోనే తిప్పుతూ, క్రాంక్, క్యామ్, డీజిల్ పంపు మార్కులు కలిపి పిన్నులు పెట్టండి. డీజిల్ పంపుకు మార్కు అన్ని ఇంజన్లలో ఉండదు. పాత డీజిళ్లలో మాత్రం అదే కీలకం, ఇంధనం ఏ క్షణంలో చిమ్మాలో నిర్ణయించేది ఆ పంపే. పిన్నులు కూర్చున్నాకే టెన్షనర్ వదిలి బెల్ట్ తీయండి. తీశాక ఏ షాఫ్టునూ తిప్పవద్దు. క్రాంక్, క్యామ్‌ల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల వద్ద ఆయిల్ తడి కనిపిస్తే ఇప్పుడే మార్చండి. ఆయిల్ తగిలిన బెల్ట్ ఎక్కువకాలం బతకదు.

కొత్త బెల్ట్‌ను మడవవద్దు, మెలిపెట్టవద్దు. బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకు ఉండాలి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి టెన్షనర్ లేని వైపు బిగువుగా పట్టుకుంటూ ఎక్కించండి, వదులంతా టెన్షనర్ వైపే చేరాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. బిగువు వైపు కాస్త వదులున్నా మార్కులు కలిసినట్టే కనిపిస్తాయి. టెన్షనర్ లాగగానే క్యామ్ ఒక పన్ను జరుగుతుంది. క్రాంక్ గేరుకు 20 పళ్లుంటే ఆ ఒక్క పన్నే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా.

టెన్షనర్ ముల్లును దాని గుర్తుకు తెచ్చి బిగించండి. ఇప్పుడు పిన్నులన్నీ తీసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. చేతికి రెండు రకాల అడ్డు తగలవచ్చు. కంప్రెషన్ అయితే మెత్తగా ఎదురుతిరిగి, కాసేపు పట్టి ఉంచితే గాలి జారిపోయి వదులుతుంది. వాల్వు తగిలితే ఇనుము మీద ఇనుము ఆనినట్టు టక్కున ఆగుతుంది. అలా ఆగితే ఒక్క పిసరు కూడా బలం పెట్టకండి, బెల్ట్ తీసి మళ్లీ మొదటికి రండి.

రెండు చుట్ల తర్వాత పిన్నులు వేలితో నెడితే దూరాలి. సుత్తి అవసరమైందంటే టైమింగ్ కుదరలేదన్నమాటే. టెన్షనర్ ముల్లు కూడా జరగకుండా ఉందో లేదో చూడండి. అన్నీ సరిపోయాక పిన్నులు తీసి, మౌంట్, కవర్లు, పుల్లీ బిగించండి. క్రాంక్ బోల్టు కొత్తది వేయమని మాన్యువల్ చెబితే పాతదానితో సరిపెట్టవద్దు. వాటర్ పంపు మార్చి ఉంటే కూలెంట్ పోసి, బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేసే ముందు లాకింగ్ పిన్నులన్నీ పెట్టెలోకి వచ్చాయో లేదో లెక్కపెట్టండి.