మేత కొట్టుకి సాఫ్ట్‌వేర్ రాయించుకోవడం ఎలా?

"యాప్ చేయిస్తే ఎంతవుతుందండీ?" అని భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల మేత కొట్ల వాళ్లు అడుగుతుంటారు. ఎంతవుతుందో చెప్పడం తేలికే. దానివల్ల ఎంత మిగులుతుందని అడిగితే మాత్రం రాసే కుర్రాడు నీళ్లు నములుతాడు. అందుకే ఆ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడదాం. మీది మండపేటలో రైస్ మిల్లయినా, కడియంలో నర్సరీ అయినా వరస ఇదే, లెక్కలు మారతాయి అంతే.

ముందు వారం రోజులు కౌంటర్ దగ్గర కూర్చోండి

ల్యాప్‌టాప్ వద్దు, ఒక చీటీ వెంట పడండి చాలు. పొద్దున్నే చెరువు దగ్గర నుంచి కుర్రాడు ఆటో వేసుకుని వచ్చి "రాజు గారి చెరువుకి మూడో నంబర్ మేత పది బస్తాలు" అంటాడు, గుమాస్తా చీటీ రాసి చువ్వకి గుచ్చుతాడు, రాత్రి కొట్టు కట్టేముందు చీటీలన్నీ ఖాతా పుస్తకంలోకి ఎక్కుతాయి. ఎక్కాలి మరి. ఏ రాజు గారో (మన వైపు ఒక్కో ఊళ్లో ఎంతమంది రాజు గార్లో మీకు తెలియనిది కాదు), ఆయనకున్న మూడు చెరువుల్లో ఏదో, బస్తాలు తీసుకెళ్లింది ఎవరో చీటీలో ఉండదు. నాలుగు నెలలకి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఖాతా విప్పితే "ఆ పది బస్తాలు మావి కాదండీ, పక్క లీజు వాళ్లవి" అంటారు. ఇద్దరూ అబద్ధమాడట్లేదు, మీ దగ్గరా రుజువు లేదు. మొహమాటానికి సగానికి రాజీ పడతారు. బస్తాకి పాతిక కిలోలు, పది బస్తాలంటే పావు టన్ను మేత, అందులో సగం ఖరీదు ఆ రోజుకి నీళ్లలో కలిసినట్టే.

ఆ వారంలో మూడు అంకెలు రాసుకోండి: పుస్తకంలోకి ఎక్కని చీటీలెన్ని, పేచీ పడిన ఖాతాలెన్ని, పట్టుబడి అయ్యాక డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది. మూడోదాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు గానీ అసలు డబ్బంతా అక్కడే ఉంది. ఉదాహరణకి బయట 40 లక్షల అప్పు ఉంది, మీరు తెచ్చుకున్న డబ్బుకి నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నారు అనుకుందాం. వసూలు పదిహేను రోజులు ఆలస్యమైతే 40 వేలు వడ్డీకే పోయాయి. ఫలానా చెరువు రేపు పట్టుబడి అని తెలిసేసరికి ఖాతా సిద్ధంగా ఉంటే ఆ పదిహేను రోజుల్లో ఎన్ని తగ్గించగలరు? సాఫ్ట్‌వేర్‌కి పెట్టే ఖర్చు ఆ జవాబుని బట్టి ఉండాలి, కుర్రాడు చెప్పిన కొటేషన్‌ని బట్టి కాదు.

దొరికేదాన్ని మళ్లీ రాయించొద్దు

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బిల్లులు, రిటర్నులు, లెడ్జర్లు చూసే ప్యాకేజీలు బోలెడు. టాలీ అయితే మీ ఆడిటర్ గారికి అలవాటే. అవి కొనుక్కోండి. ఏ చెరువుకి ఏ మేత ఎవరు తీసుకెళ్లారన్నది వాటిలో మన పద్ధతికి తగ్గట్టు ఉండదు, రాయించుకోవాల్సింది ఆ ముక్క వరకే.

కావలసింది తెలుగులో ఒక పేజీ రాయండి

"యాప్ కావాలి, డ్యాష్‌బోర్డు కావాలి" అని కాదు. "గుమాస్తా బస్తాలు ఇచ్చిన వెంటనే రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్లాలి, అందులో చెరువు పేరు, మేత నంబరు, బస్తాలు, తీసుకెళ్లినవాడి పేరు, ఇప్పటిదాకా బాకీ ఉండాలి" ఇలా. పేచీ నాలుగు నెలల తర్వాత కాకుండా అదే రోజు తేలిపోతుంది. నా లెక్కలో ఈ ఒక్క మెసేజ్ మిగతా హంగులన్నిటికంటే ఎక్కువ సంపాదిస్తుంది.

ఇక్కడ బయటివాళ్లకి తట్టని సంగతులు కొన్నుంటాయి, మీరు చెప్పకపోతే ప్రోగ్రామ్‌లోకి రావు. వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు) తగిలితే చెరువు ఉన్నపళంగా పట్టేస్తారు, మిగిలిన మేత బస్తాలు కొట్టుకి తిరిగొస్తాయి. అంటే అమ్మకంతో పాటు వాపసు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. పంట మధ్యలో మేత రేటు మారుతుంది. ప్రోగ్రామ్ ఈ రోజు రేటు పట్టికని చూసి పాత బిల్లు మళ్లీ లెక్కగడితే రైతు ఖాతా రాత్రికి రాత్రి మారిపోతుంది, ఆ తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు. కాబట్టి ఏ రోజు రేటు ఆ రోజు బిల్లులోనే నిలిచిపోవాలని గట్టిగా చెప్పండి. తప్పు పడితే చెరిపేయడం ఉండకూడదు, దానికి ఎదురు పద్దు రాయాలి, పాత గుమాస్తాలు చిట్టాలో చేసినట్టే. డెవలపర్లలో చాలామంది "డిలీట్ బటన్ పెట్టేద్దాం సార్" అంటారు. ఒప్పుకోకండి.

తొలి ముక్క చిన్నది, మూడు వారాల్లోపు

2001లో అమెరికాలోని యూటాలో 17 మంది ప్రోగ్రామర్లు కూర్చుని, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే అజైల్ మేనిఫెస్టో అనే ప్రకటన రాశారు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని వారాల వ్యవధిలో కొంచెం కొంచెంగా ఇవ్వాలన్నది అందులోని సూత్రాల్లో ఒకటి. పెద్ద కంపెనీల సంగతి ఎలా ఉన్నా చిన్న కొట్టుకి ఇది అచ్చంగా సరిపోతుంది. చీటీ, మెసేజ్, వాపసు, ఇవి చాలు. ఆరు నెలలు కట్టి ఒకేసారి చూపిస్తానంటే వద్దనండి, ఎందుకంటే గుమాస్తా చేతిలో పెట్టేదాకా అసలు లోపాలు బయటపడవు.

పుస్తకం ఆపకుండా, పక్కనే ప్రోగ్రామ్ కూడా నడపండి. రోజూ రాత్రి రెండు మొత్తాలు కలవాలి. రెండు వారాలు వరసగా కలిస్తే పుస్తకం మూయొచ్చు. పట్టుబడుల హడావుడిలో మాత్రం మొదలుపెట్టకండి, అనవసరమైన టెన్షన్. ఇంకో షరతు: నెట్ లేకపోయినా చీటీ పడాలి, నెట్ వచ్చాక దానంతటదే సర్వర్‌కి ఎక్కాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్లప్పుడు మన దగ్గర కరెంటు ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాడికి చెప్పాల్సిందే.

కోడ్ ఎవరి పేరు మీద?

మీ పేరు మీదే. రాసే కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు, రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తే వెళ్తాడు, వెళ్లాలి కూడా. ఆ తర్వాత వచ్చేవాడికి కోడ్ దొరకాలిగా. మీ ఈమెయిల్‌తో గిట్‌హబ్‌లోనో అలాంటి చోటనో (కోడ్ దాచుకునే వెబ్‌సైట్లు) ఖాతా తెరిచి కోడ్ అక్కడ పెట్టమనండి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గిట్‌లో వరసగా ఉంటుంది. సర్వర్, డొమైన్, మెసేజ్‌ల ఖాతా కూడా మీవే. బ్యాకప్ రోజూ తీస్తున్నామంటే సరిపోదు, నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి ఏదో ఒక రైతు ఖాతా తెరిచి చూపించమనండి. డబ్బు వాయిదాల్లో ఇవ్వండి, పనిచేస్తున్న ముక్కకే. ఏటా మరమ్మతులకి కొంత పక్కన పెట్టుకోండి, ఒకసారి కట్టేస్తే అయిపోయే ఖర్చు కాదిది.

ఒక పంట అయ్యాక

మొదట్లో రాసుకున్న మూడు అంకెలు మళ్లీ తీయండి. పేచీలు తగ్గాయా, వసూలు ఎన్ని రోజులు ముందుకొచ్చింది, ఆ మేరకి వడ్డీ ఎంత మిగిలింది? అంకెలు కదలకపోతే కొత్త హంగులకి రూపాయి పెట్టకండి. గుమాస్తా ఇంకా చీటీ మీదే రాస్తున్నాడేమో, ఫోన్‌లో అక్షరాలు ఆయన కళ్లకి ఆనట్లేదేమో ముందు అది చూడండి, చాలా కొట్లలో అసలు గొడవ అదే. కదిలితే మాత్రం తర్వాతి ముక్క పట్టుబడి తేదీలు: ఏ చెరువులో రొయ్య పిల్ల ఎప్పుడు వేశారో ఎక్కించి పెట్టుకుంటే, ఏ వారం ఎంత డబ్బు రావాలో ముందే తెలుస్తుంది, కంపెనీకి మేత ఆర్డరు కూడా దాన్ని చూసే పెట్టొచ్చు.